ఎక్కువ వడ్డీ

2021వ సంవత్సరాంతమున మా పెద్దబ్బాయి అమెరికానుండి పదివేల డాలర్లు పంపి, ఇచ్చటి బ్యాంకులో రూపాయలుగా నొక యేడాదికి వడ్డీకి వేసినాడు. పంపుమని పోరినది నేనే. అక్కడ వడ్డీ లేనట్లే యుండెను. ఇక్కడ నూటికి ఐదు వచ్చుచుండెను. కోడలు మాత్రము "యేడాదికి డాలరు వెల యెట్లుండునో, అత్తయ్యగారూ!" అనెను. నే నామాట చెవిని బెట్టలేదు.

నాడు డాలరు సుమారు 74 రూపాయలు. అసలు 7,40,000, వడ్డీతో 7,77,000. ఈ లెక్క పంచాంగపు అట్టమీద వ్రాసికొని మురిసితిని.

2022 మార్చిలో అమెరికా కేంద్రబ్యాంకు వడ్డీ పెంచ నారంభించెను. సున్నకు చేరువనున్నది డిసెంబరునకు నాలుగుంబావు దాటెను. మన రిజర్వు బ్యాంకును 4 నుండి 6.25కు పెంచినది గాని, రెంటి నడుమ భేదము సగమునకు తగ్గెను. ఆ భేదమున కాశించి వచ్చిన పరదేశపు సొమ్ము తిరుగుముఖము పట్టును, పోవువారందరు రూపాయలిచ్చి డాలర్లు కొందురు, డాలరు ప్రియమగును. ఆ యేడు చమురు ధర పెరుగుటయు దీనికి తోడైనది. సంవత్సరాంతమునకు డాలరు వెల 82 రూపాయలు దాటి 83ను సమీపించెను.

అప్పుడే వాడు ఇల్లు కొనవలసివచ్చెను. మా 7,77,000 రూపాయలకు 9,400 డాలర్లైనను రాలేదు. తక్కువైన ఆరువందలు కోడలు గాజులకని దాచుకొన్న సొమ్ములోనుండి తీసియిచ్చినదట. వాడు నన్నొక్క మాట యనలేదు. అనినచో బాగుండెడిది.

యేడాది తరువాతి డాలరు వెలను నేడే నిశ్చయించుకొన వీలులేదా యని బ్యాంకు గుమాస్తాను అడిగితిని. ఉన్నదట, కాని నేటి వెలకంటె ఎక్కువ కట్టవలయును. ఎంత ఎక్కువ? రెండు దేశముల వడ్డీలకు భేదము నూటికి ఐదైనచో ఇంచుమించు ఐదే! ఒకచేత వచ్చినది మరియొకచేత పోవును. ఎక్కువ వడ్డీ చూపు చిట్టీవానిని వీధిగుమ్మముననే అనుమానించు నేను, ఇక్కడ నేల అనుమానింపనైతినో! డాలర్లుగనే దాచు ఖాతాయు కలదట. అందు వడ్డీ స్వల్పము, మారకపు భయము బ్యాంకుది.

రూపాయి యేటేట ఇట్లే పడునని కాదు. మరుసటి 2023లో అంతగా కదలనేలేదు. ఆ యేడు పంపినవారికి వడ్డీ దక్కినది. మేము పంపినది ముందటి యేడు.

కోడలు వచ్చినపుడు గాజులు నేనే చేయించితిని. ఆసరికి బంగారపు వెలయు పెరిగియుండెను.