హస్తినమడుగు నుంచి మడ అడవి దాకా

గోదావరి ప్రయాణాన్ని త్ర్యంబకంలో మొదలుపెట్టడం ఆనవాయితీ. బ్రహ్మగిరి, గౌతముడు, గోవు... ఆ కథ మనవాళ్ళందరికీ వచ్చు. 1465 కిలోమీటర్ల నదిలో మహారాష్ట్ర భాగాన్నీ, కందకుర్తిలో మంజీర కలిసే చోటునూ, బాసరనూ, శ్రీరాంసాగర్ జలాశయాన్నీ ఆగకుండా దాటేస్తున్నాను. నేను చెప్పదలచుకున్న గోదావరి మంచిర్యాల జిల్లా జన్నారం మండలంలో, హస్తినమడుగు దగ్గర మొదలవుతుంది.

ఏటా మెస్రం వంశపు గోండులు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి కాలినడకన ఈ మడుగుకు వస్తారు. ఝరిలో నీళ్ళు ముంచుకుని మళ్ళీ నడిచే వెళ్తారు. పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్ జాతరలో ఆ నీళ్ళతో సర్పదేవుడు నాగోబాకు అభిషేకం జరుగుతుంది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళను ఆ జాతరలోనే దేవుడి ముందుకు తెచ్చి చూపిస్తారు. దాన్ని భేటింగ్ అంటారు.

ఈ నడకను చూస్తే మానవశాస్త్రం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. నీళ్ళు తెచ్చే హక్కు ఏ వంశానిది? దారిలో విడిది ఎక్కడ? వంశకథ పాడేది ఎవరు? (పాడేది పర్ధానులు, కిక్రీ అనే తీగవాద్యం మీద.) జీవావరణ శాస్త్రం అడిగేవి వేరు. ఎండాకాలం ఏ మడుగులో నీరు నిలుస్తుంది? చుట్టూ టేకు ఎంత, ఇప్ప ఎంత? ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంటి తినేదెంత, మనిషి ఏరుకునేదెంత? మొదటిది మనుషుల మాట వింటుంది, రెండోది చెట్టునూ నీటినీ మట్టినీ కొలుస్తుంది. ఈ నది వెంట దిగుతున్నకొద్దీ నాకొక అభిప్రాయం బలపడింది. కొలిచేవాళ్ళు వినకుండా, వినేవాళ్ళు కొలవకుండా తీసుకున్న నిర్ణయాలకు ఇక్కడి మనిషి మూల్యం చెల్లించాడు. చాలాచోట్ల ఆ వెనకే అడవీ చెల్లించింది.

ఆదిలాబాద్ సంగతే చూడండి. నిజాం కాలపు అటవీశాఖకు ఆ కొండల్లో టేకు కనిపించింది. గీతలు గీసి రిజర్వు చేసింది. గీత లోపల పడ్డ గోండు, కోలాం పల్లెలు రాత్రికి రాత్రి ఆక్రమణలయ్యాయి. తాతలనాటి చేలల్లోంచి మనుషుల్ని వెళ్ళగొట్టారు, జరిమానాలు వేశారు. ఆ కోపం 1940లో జోడేఘాట్ కొండల్లో తిరుగుబాటైంది. దానికి నాయకుడైన కొమురం భీం తుపాకి గుళ్ళకు బలయ్యాడు. ఆయన పేరుతో ముడిపడిన జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలు విన్నప్పుడల్లా నాకొకటి తోస్తుంది. విశ్వవిద్యాలయాలు విడివిడిగా మూడు శాఖల్లో చదివే వాటిని గోండులు ఒకే ఊపిరిలో అడిగారు.

ఆ తర్వాతే నిజాం ప్రభుత్వానికి, అసలు ఈ మనుషులెవరో తెలుసుకోవాలన్న ఆలోచన వచ్చింది. ఆ పని చేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి శత్రుదేశపు పాస్‌పోర్టుతో ఇక్కడ చిక్కుకున్నాడు. నిర్బంధ శిబిరంలో గడిచిపోవలసిన ఆ కాలాన్ని హైదరాబాద్ రాజ్యపు అడవుల్లో గడిపాడు. చెంచుల మీద 1943లో, పాపికొండల రెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజగోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. మార్లవాయిలో భార్య బెట్టీతో కలిసి కాపురమున్నాడు. అక్కడే 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది భూమి గురించి రాసింది. ఏ పల్లె ఏ గీత వల్ల ఖాళీ అయింది, ఎవరి చేను ఎవరి పట్టాలోకి పోయింది అని ఊరూరా తిరిగి ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. పురాణగాథలు రాసుకున్న చేత్తోనే భూముల సంగతీ రాశాడు. భార్యాభర్తలిద్దరి సమాధులూ మార్లవాయిలో ఉన్నాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి వాళ్ళను తలచుకుంటారు.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగల నీళ్ళన్నీ దానివే. కొంత దిగువన బస్తర్ నుంచి ఇంద్రావతి వస్తుంది. పటంలో ఈ ఉపనదుల్ని వేలితో వెనక్కి వెతుక్కుంటూ పోతే గోండుల, కోయల ఊళ్ళ మీదుగానే వేలు కదులుతుంది. రాష్ట్రాల సరిహద్దులు ఈ మనుషుల్ని నాలుగు ముక్కలు చేశాయి కాని, వాళ్ళ మాటా చుట్టరికాలూ ఇప్పటికీ పరీవాహక ప్రాంతాన్నే అనుసరిస్తున్నాయి.

భద్రాచలంలో నది అంకెల్లోకి మారుతుంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఆ అంకె తెలియని ఇల్లు ఈ తీరంలో ఉండదు. అయితే కొలబద్ద చెప్పలేని సంగతులు కూనవరంలో ఉన్నాయి. అక్కడ శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని, చింతూరు దాకా వాగుల్నీ చేలనూ ముంచుతుంది. తమ మీద వాన చుక్క పడకపోయినా ఊరు మునుగుతుందని అక్కడివాళ్ళకు తరాలుగా తెలుసు. ఏ గట్టు ఎక్కాలో, పశువుల్ని ఎటు తోలాలో తెలుసు. అలాంటి ఎరుకను ఊరికొకటిగా రాసిపెట్టుకోవడం మానవశాస్త్రం పని, నీటి మట్టాలతో దాన్ని సరిపోల్చడం జీవావరణ శాస్త్రం పని. రెండూ ఒక్కచోట చేరితే వరద హెచ్చరిక మరింత పనికొస్తుంది.

కూనవరం దాటాక కొండలు దగ్గరవుతాయి. పాపికొండలు. పర్యాటకులు లాంచీ పైనుంచి ఫొటోలు తీసుకునే ఈ వాలుల మీదే కొండరెడ్లు పోడు కొట్టారు. పోడు అనగానే అడవిని తగలబెట్టడమని తిట్టిపోయడం మనకు అలవాటు. నిదానంగా చూడాలి. ఎండల ముందు చిన్న చెక్కలో చెట్లు నరుకుతారు. మొదళ్ళను పెకలించకుండా మోకాలెత్తున వదిలేస్తారు. ఇప్ప, మామిడి, చింత, జీలుగు మీద గొడ్డలి వేయరు. కొట్టినదంతా ఎండాక కాలుస్తారు. బూడిదలోని పొటాషు, భాస్వరం మట్టికి అందుతాయి. తొలకరికి కర్రతో గుంట చేసి జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర, గుమ్మడి కలిపి వేస్తారు. రెండు మూడేళ్ళకు సారం తగ్గి కలుపు పెరుగుతుంది. అప్పుడు ఆ చెక్కను వదిలి ఇంకో చోటికి పోతారు. వదిలిన మొదళ్ళు చిగుళ్ళేసి మళ్ళీ అడవవుతాయి.

ఫిలిప్పీన్స్‌లో హనునూ తెగ సాగును మానవశాస్త్రవేత్త హెరాల్డ్ కాంక్లిన్ ఏళ్ళ తరబడి పరిశీలించి 1957లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చాలామంది కళ్ళు తెరిపించింది. ఒకే చెక్కలో 40 రకాల దాకా పంటలు ఉండటం ఆయన చూశాడు. పొట్టి పొడుగు మొక్కలు అంతస్తులుగా కమ్ముకుని నేలను ఎండకూ వానకూ వదలవు. ఈ పద్ధతి అడవిని అనుకరిస్తుందని క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో వివరించాడు. ఇందులో ఒక షరతు ఉంది, దాన్ని దాచిపెట్టడం నిజాయతీ కాదు. వదిలిన చెక్కకు తేరుకునే ఏళ్ళు దొరకాలి. రిజర్వు గీతలు మనుషుల్ని కొద్ది కొండల్లోకి నెట్టినప్పుడు, జనం పెరిగినప్పుడు, ఆ విరామం కుదించుకుపోతుంది. అప్పుడు పోడు నేలను నిజంగానే తినేస్తుంది. ఆ దశలో చూసినవాళ్ళు పోడునే నేరస్థురాలిగా నిలబెట్టారు. విరామాన్ని ఎవరు కుదించారన్నది అడగలేదు.

తిండి విషయంలోనూ ఇదే గుడ్డితనం. జీలుగు కల్లు, తాటికల్లు ఈ కొండల్లో ఎండాకాలపు ఆహారం. గింజ అయిపోయిన నెలల్లో ఒంట్లో సత్తువ నిలిపేది అదే. ఖజానా దాన్ని మత్తుపానీయాల పద్దులో రాసుకుంది. కల్లు మీద చిగురుపన్ను వేశారు, ఆపైన గీత హక్కును కాంట్రాక్టర్లకు కట్టబెట్టారు. 1879లో రంప పితూరీ లేచింది. దానికి ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా ఒక చెట్టుకు మనిషి కడుపుతో ఉన్న సంబంధం తెలియని పాలన ఎంత దూరం పోగలదో దాన్ని చూస్తే అర్థమవుతుంది. వానాకాలంలో జీలుగు మాను కొట్టి గుజ్జు దంచి పిండి తీస్తారు. మామిడి టెంకల లోపలి జీడిని నానబెట్టి వగరు పోగొట్టి అంబలి కాస్తారు. మామిడి పండుగ జరిగేదాకా కొండరెడ్లు మామిడికాయ ముట్టరు. పిందెల్ని ముందే రాల్చేస్తే టెంక కట్టదు, టెంక లేకపోతే శ్రావణంలో అంబలి లేదు.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. 1968లో రాయ్ రాపపోర్ట్ న్యూగినీలోని సెంబగా ప్రజల పందుల పండుగను తూకాలతో, కేలరీలతో లెక్కగట్టి, ఆ క్రతువు భూమికీ పందులకూ మనుషులకూ మధ్య సమతూకం కాపాడుతుందని రాశాడు. గొప్ప పుస్తకం. అయితే ఆ దారిన మరీ దూరం పోతే ప్రతి పండుగా మారువేషం వేసుకున్న అటవీ చట్టంలా కనిపించడం మొదలవుతుంది. కొండరెడ్డి తల్లి కొత్త మామిడికాయను ముందు దేవతకు పెట్టేది టెంకల లెక్క చూసుకుని కాదు. ఆ దేవత ఆమెకు నిజం. ఆమె భక్తిని భక్తిగానే వింటూ, దానివల్ల అడవికి కలిగే మేలునూ కొలిచే ఓపిక ఉన్న పరిశోధనే నాకు నచ్చుతుంది.

పాపికొండల నోటి దగ్గర పోలవరం. నిండుమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. 2014 విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టును చేసింది. ముంపు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైనే, అందులో పెద్ద వాటా కోయలది, కొండరెడ్లది. ఎగువ కాఫర్‌డ్యాం వచ్చాక దేవీపట్నం ఊళ్ళూ గండిపోచమ్మ గుడీ మామూలు వరదకే మునగసాగాయి. పరిహారం జాబితాలో ఇంటికి లెక్క ఉంది, పట్టా భూమికి ఉంది, అందులోని చెట్టుకు ఉంది. ఎవరి పట్టాలోనూ లేని కొండమీది జీలుగుకు ఏ గడిలో చోటుంది? వెదురుకు, అడ్డాకుకు, వాగులో చేపకు, ఊరి దేవత నిలిచిన చెట్టుకింది నీడకు? మైదానపు కాలనీలో వరసగా కట్టిన పక్కా ఇల్లు ఇచ్చాం కదా అనేవాళ్ళు, ఆ ఇంటి చుట్టూ ఏడాది పొడుగునా నెలకొక రకంగా తిండి పెట్టిన అడవి లేదన్న సంగతి దాటేస్తారు. ఆనకట్ట వద్దనడం నా ఉద్దేశం కాదు. దిగువన నీటికోసం చూసే రైతు అవసరం నిజమైనది. కానీ లెక్క వేసేవాళ్ళ పక్కన, ఆ పల్లెల్లో ఒక పూర్తి ఏడాది ఉండి ఎవరు ఏ నెల ఏమి తింటారో రాసుకున్న మనిషి ఒకరు కూర్చుని ఉండాల్సింది. నాకు బాధ అక్కడ.

రాజమహేంద్రవరం దిగువన ధవళేశ్వరం. 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టిన ఆనకట్ట 1852కు పూర్తయింది. అంతకుముందు 1833 ప్రాంతపు కరువు ఈ డెల్టాను పీల్చేసింది. ఆనకట్ట దాన్ని అన్నపూర్ణగా మార్చింది. ఊరూరా కాటన్ విగ్రహాలకు దండలు పడటంలో అర్థముంది. అదే కట్ట దగ్గర పులస ప్రయాణం ఆగిపోతుంది. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే చేప అది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టుకున్న మనం, ఆ చేప ఇంకా పైకి పోవాలనుకుంటుందన్నది పెద్దగా పట్టించుకోలేదు.

ఆగిపోయేది చేప ఒక్కటే కాదు. నది మోసుకొచ్చే ఒండ్రు పైన కట్టిన జలాశయాల్లో నిలిచిపోతోంది. 1970ల నుంచి 1990ల నాటికి ధవళేశ్వరం దాటే ఒండ్రు సగానికి పైగా పడిపోయిందని, డెల్టా అంచు కోతకు గురవుతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించారు. లంకల్లో మిరప, పొగాకు, కూరగాయలు వేసుకునేవాళ్ళు బతికేది వరద వదిలిపోయిన ఆ ఒండ్రు మీదే.

గౌతమి పాయ యానాం దాటి కోరంగి వైపు విచ్చుకుంటుంది. 1978లో అభయారణ్యమైన ఆ మడ అడవి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, తిల్ల, బురదలోంచి పైకి లేచిన ఊపిరి వేళ్ళు, నీటికుక్కలు, బావురుపిల్లి. ఆటుపోట్లను బట్టి పీతలకూ రొయ్యలకూ పడవలేసుకుని తిరిగే పల్లెకారులు. దేశపు తూర్పు తీరంలో మడ అడవులు చాలాచోట్ల బక్కచిక్కిపోయాయి. చుట్టుపక్కల జనం కట్టెలు కొట్టి, పశువుల్ని మేపి పాడుచేశారన్న మాటే చాలాకాలం ఖాయంగా నడిచింది.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్ళు 1990లలో తమిళనాడులోని పిచ్చావరంలో నేల మట్టాలు, ఉప్పదనం కొలిచి చూస్తే వేరే సంగతి బయటపడింది. పూర్వం అటవీ యాజమాన్యమే వంతులవారీగా మడను నున్నగా నరికించింది. నీడ పోయిన బురద ఎండకు ఎండి కుంగి పళ్ళెంలా అయింది. పోటుకు వచ్చిన నీరు ఆ పల్లంలో నిలిచి ఆవిరవుతూ, మొక్క బతకలేనంత ఉప్పు మిగిల్చింది. చేప వెన్నెముకకు ముళ్ళున్నట్టు ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వి ఆటుపోట్లను లోపలికి రానిస్తే మడ మళ్ళీ నిలబడింది. అదే పద్ధతిని తర్వాత కృష్ణా, గోదావరి మడ అడవులకూ తెచ్చారు. అంతకాలం తప్పు మోసిన ఊళ్ళవాళ్ళతోనే కమిటీలు వేసి, అటవీశాఖతో కలిపి కూర్చోబెట్టారు. ఆ కాలువలు పోటుతో వచ్చే బురదకు పూడిపోతూ ఉంటాయి. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ తవ్వాలి. ఎక్కడ తవ్వాలో, ఏ పాయలో పోటు బలంగా వస్తుందో చూపించేది పీతల వేటకు రోజూ ఆ పాయల్లో తిరిగే మనుషులే.