ధారయు ధారణయు

“పువ్వు పుట్టగనే పరిమళించు”నని మన పెద్దలు చెప్పుదురు. “పిందెలోనే పండిపోయె”నని నిట్టూర్చువారును ఆ పెద్దలే. ఈ రెండు మాటలును ఒక్క యింటిలో, ఒక్క నోటనే, వేర్వేరు పిల్లలను గూర్చి పలుకబడుచుండుట సోదరీమణు లెల్లరు నెరిగినదే. చిన్ననాట కానవచ్చిన నేర్పు పరిమళమా, అకాలపు పండా యని ముందుగా తెలిసికొను విధమేది? ఈ ప్రశ్న మాకు కావ్యములలో ఎదురుపడలేదు. మా యింటి పిల్లల యాటల పద్దులో ఎదురుపడినది.

మా అక్కగారి కుమారుడు అమెరికాలోని డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ దేశమున ఫుట్‌బాలు అనునది మన మెరిగిన కాలిబంతి కాదు. బంతిని చేతితో విసరి, పట్టుకొని, పరుగెత్తు నాట. దానిని చూచువారు తమలో తాము వేరొక యాట నాడుదురు. దానికి ఫాంటసీ లీగు అని పేరు. పదిపండ్రెండుగురు మిత్రులు కూడి, నిజమైన క్రీడాకారుల పేర్లను వంతుల చొప్పున పంచుకొని, తలకొక ఊహాజట్టును కట్టుకొందురు. మైదానమున ఆ క్రీడాకారుడు చేసిన పనిని బట్టి వీరి పద్దులో అంకెలు చేరును. అందు డైనాస్టీ యను పద్ధతి యొకటి కలదు. ఆ పద్ధతిలో ఒకసారి చేర్చుకొన్నవానిని ఏడాది ముగియగనే విడువ నక్కరలేదు. ఏండ్ల తరబడి ఉంచుకొనవచ్చును. కావున అచట గెలుపు నేటి వీరుని ఎన్నుకొనుటలో లేదు. పదేండ్లు వీరుడై వెలుగగల కుఱ్ఱవానిని నేడే గుర్తించుటలో నున్నది.

ఆ చిరంజీవి ఈ పద్ధతిని మన క్రికెట్టునకు మార్చి, ధరూరులోని మా మరిదిగారి పిల్లలను, హైదరాబాదులోని మేనత్త పిల్లలను కూర్చి, 2022లో ఇంటి లీగు నొకదానిని నెలకొల్పెను. “చిన్నమ్మా, నీకు ఏ జట్టుమీదను పక్షపాతము లేదు, పద్దు నీవే వ్రాయవలెను” అని ఆ భారమును మామీద మోపిరి. నాటినుండి ఆ పద్దు మా వంటయింటి గూటిలో పాల లెక్క పుస్తకము ప్రక్కనే యున్నది.

ఇందు పైకము లేదు. ఆ మాట ముందుగనే చెప్పుట మేలు. పైకము చేరినచో నిది జూదమే యగును. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే తన శాసనమును సవరించి, అంతర్జాలమున పైకమొడ్డి యాడు నాటలను, అవి నేర్పుతో గూడినవైనను, నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు శాసనము చేసినది. మే మెరిగిన యొక యింట, చేతి ఫోనులో ఇట్టి యాట లాడి కొడుకు చేసిన యప్పు తీర్చుటకు తల్లి తన నాలుగు గాజులును అమ్ముకొన్నది. ధర్మరాజంతవాడు పాచికలముందు ఆగలేకపోయెను. ఇక మన పిల్లల మాట చెప్పనేల? మా లీగులో గెలిచినవానికి దక్కునది సంక్రాంతినాడు రెండు అరిసె లెక్కువ, అంతియే.

ఇక అసలు ప్రశ్న. కుఱ్ఱవాని భవిష్యత్తును దేనిని బట్టి నిర్ణయింపవలయును?

మా సీమలోని గద్వాల సంస్థానము పూర్వము కవులను, పండితులను ఆదరించి విద్వద్గద్వాల యని పేరు గాంచినది. మా తాతగారు మాకు భారతభాగవతములను ఇంటనే చెప్పిరి. పాఠము నడుమ అవధానముల ముచ్చటలును చెప్పుచుండిరి. అష్టావధానమున నెనమండుగురు పృచ్ఛకులు ప్రశ్నించుచుందురు. అడిగినదే తడవుగా పద్యమును అల్లుట ధార. ఒకరు గంట కొట్టుచు, ఒకరు అప్రస్తుతము పలుకుచు చిత్తమును చెదరగొట్టుచుండగా, కట్టకడపట ఆ పద్యములనెల్ల మరల నప్పగించుట ధారణ. సభ ధారకే కరతాళములు చేయును. తెలిసిన పెద్దలు మాత్రము ధారణ ముగియువరకు వేచియుండి పిమ్మట తల యూపుదురు. యువక్రీడాకారుని తూచుటకును ఇదియే తగిన త్రాసని మాకు తోచినది. తొలియేటి మెఱుపు ధార. ఎదిరి జట్లవారు వాని యాటను తెరపై మరల మరల చూచి, ఎచ్చట బంతి వేసిన తడబడునో కనిపెట్టిన పిదపను నిలువగలుగుట ధారణ.

అట్లని ధారను తేలిక చేయరాదు. దానిని వయస్సుతో గలిపి చూడవలయును. ఇరువదితొమ్మిదేండ్లవాడు చేసిన నాలుగువందల పరుగులును, పందొమ్మిదేండ్లవాడు చేసిన నాలుగువందల పరుగులును పద్దులో ఒక్కటే. భవిష్యత్తులో ఒక్కటి కాదు. హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజ్ భరతనాట్యము నేర్చుకొనుచు క్రికెట్టునకు వచ్చిన బాలిక. 1997లో, 14 ఏండ్ల ప్రాయమున, ప్రపంచకప్పు జట్టుకై పరిశీలింపబడినవారిలో ఆమె పేరుండెను గాని తుది జట్టులో చోటు దొరకలేదు. 1999లో, 16 ఏండ్లకు, తన తొలి అంతర్జాతీయ వన్డేలో ఐర్లండుపై అజేయముగా 114 పరుగులు చేసినది. అది ధార. 2022లో విరమించుకొనునాటికి వన్డేలలో 7,805 పరుగులు చేసియుండెను. ఇరువదిమూడేండ్లు చెక్కుచెదరక నిలుచుట ధారణ గాక మరేమి?

అన్నివేళల ఇట్లు జరుగదు. అంబటి రాయుడు 2002లో, 17 ఏండ్ల వయస్సున, హైదరాబాదు పక్షమున ఆంధ్రపై రంజీ పోటీలో ఒక యిన్నింగ్సున 210 పరుగులును, రెండవదానిలో అజేయముగా 159 పరుగులును చేసెను. 2004లో పందొమ్మిదేండ్లలోపు ప్రపంచకప్పులో భారత జట్టునకు నాయకుడు. ఆనాడు డైనాస్టీ పద్దు నెవరైన వ్రాసియుండినచో మొదటి పేరు ఆయనదే యగును. కాని 2007లో బోర్డు గుర్తింపు లేని లీగులో చేరి, 2009లో మరలివచ్చి, 2013లో గాని భారతదేశము పక్షమున వన్డే ఆడలేదు. టెస్టు ఒక్కటియు ఆడలేదు. అయినను ఆయన నేర్పు అబద్ధము కాదు. 55 వన్డేలలో సగటున 47 పరుగులకు మించి చేసెను. ఆరు పర్యాయములు ఐపీఎల్ గెలిచిన జట్లలో నుండెను. కుఱ్ఱవాని భవిష్యత్తు వాని చేతిలో మాత్రమే యుండదని, కాలమునకును స్థానమునకును అందు భాగము కలదని ఇందువలన తెలియుచున్నది.

దీనికి ఎదురు దృష్టాంతము లక్ష్మణ్. 1996లో టెస్టులలో అడుగిడిన వి.వి.యస్. లక్ష్మణ్ తన తొలి శతకమునకు 2000 జనవరివరకు వేచియుండవలసి వచ్చెను. తనకు అలవాటు లేని ప్రారంభపు స్థానమున ఆయనను పెక్కుమారులు పంపిరి. ఆ మూడేండ్ల అంకెలు మాత్రమే చూచినవాడు ఆయనను తప్పక విడిచివేసియుండును. 2001 మార్చిలో కలకత్తాయందు, మూడవ స్థానమున, ఆస్ట్రేలియాపై 281 పరుగులు! చెట్టు మారలేదు, పాదు మారినది. కావున అంకెలు తక్కువైనప్పుడు, లోపము వానియందున్నదో, వానిని నిలిపిన చోటునందున్నదో ముందు విచారింపవలయును.

ఇక మా పద్దులోని ముచ్చట. ఎనిమిదవ తరగతి చదువు మా మరిదిగారి చిన్నవాడు 2022లో తిలక్ వర్మను చేర్చుకొన్నాడు. విద్యుత్తు పని చేయువారి కుమారుడైన ఆ హైదరాబాదు కుఱ్ఱవాడు ఆ యేడు ముంబయి జట్టులో 397 పరుగులు చేసెను. ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచినను వాని యాట తగ్గలేదు. 2025 ఏప్రిల్ 4న లక్నోలో 23 బంతులలో 25 పరుగులు చేసియున్న తిలక్‌ను, ఔటు కాకుండగనే, సొంత జట్టువారు వెలుపలికి పిలిచి వేరొకని పంపిరి. వేలమంది కన్నులయెదుట జరిగిన అవమానము. మావాడు మరునాడే పద్దు తెచ్చి, “పెద్దమ్మా, వీనిని విడిచి వేరొకని తీసికొందును” అనెను. “విడుచుట నీ హక్కు, కాని పడినవాడు ఎట్లు లేచునో చూడక విడువకు” అని మాత్రము చెప్పితిమి. తరువాతి పోటీలోనే బెంగుళూరుపై తిలక్ 29 బంతులలో 56 చేసెను. ఒక్క యిన్నింగ్సు సాక్ష్యము కాదని పద్దు పెట్టెలో దాచితిమి. ఆ సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియాకప్పు తుదిపోటీ. పాకిస్తానుపై భారతదేశము 20 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకొన్నవేళ నిలిచి, అజేయముగా 69 పరుగులు చేసి గెలిపించినవాడు అతడే. అదియే ధారణ.

డల్లాసు చిరంజీవికిని ఇదే చిక్కు. అచటి యాటలో క్వార్టర్‌బ్యాక్ అనువాడు జట్టునకు సారథి. బంతి చేతికి రాగానే రెండుమూడు క్షణములలో విసరవలయును. ద్రోణుని పరీక్షలో అర్జునుడు పక్షికన్నును మాత్రమే చూచెను. ఈతడు మొదట చెట్టును, కొమ్మలను, ఆకులను చూచి పిమ్మట కన్నును చూడవలసినవాడు. కావున ఆ నేర్పు పండుటకు ఏండ్లు పట్టును. 2007లో దేశమున మొట్టమొదట ఎన్నుకోబడిన జమార్కస్ రస్సెల్ మూడు సీజనులకే కనుమరుగయ్యెను. 2000లో 199వ వానిగా ఎన్నుకోబడిన టామ్ బ్రేడీ ఏడుమార్లు విజేత యయ్యెను. 2018లో జోష్ ఆలెన్ విసరిన నూరు బంతులలో ఏబదిమూడు మాత్రమే తనవారి చేతికందినవి. 2020లో అరువదితొమ్మిది యందినవి. నడుమ విసరు తీరును దిద్దుకొనెను. ఆ యేడే స్టెఫాన్ డిగ్స్ అను మేటి ఆటగాడు బంతి నందుకొనుటకు తోడయ్యెను. ఇచటను అవే మూడు కొలతలు: వయస్సు, పడిన పిదప దిద్దుబాటు, నిలువ నీడయు తోడును. “బలమైన చేయి చూచి మోసపోకుము, తప్పు చేసిన మరువారము వాడేమి చేసెనో చూడుము” అని ఆ చిరంజీవికి చెప్పితిమి.

మా నడిగడ్డ విత్తనపు పత్తికి పేరు. గింజ నున్నగా, నిండుగా నుండినంత మాత్రమున ఎవరును దానికి వెల కట్టరు. కొన్ని గింజలను వేరుగా నాటి, మొలచి పెరుగువరకు వేచి, జాతి స్వచ్ఛమని తేలిన పిదపనే ఆ పంట చెల్లును. రైతునకు ఆ నిరీక్షణ ఎంత కష్టమో ఇచటి ప్రతి యిల్లాలికిని తెలియును. అయినను వేచియుండుదురు. మరి మన పిల్లల విషయమున ఆ పాటి ఓపికైన మనకున్నదా?

ఈ మాట అడుగుటకు కారణము కలదు. మా మరిదిగారి పెద్దమ్మాయికి పదమూడేండ్లు. ఎడమచేతితో బంతిని చక్కగా తిప్పును. గత యేడు ఒక యెంపిక పరీక్షకు పోయి, తెలియని మైదానమున ఆరు బంతులు వేసి, ఎంపిక కాక తిరిగివచ్చినది. ఇంట పెద్దలు కూర్చుండి, “ఆడపిల్ల, పదవ తరగతి దగ్గరపడుచున్నది, దీనికింతే యున్నది, ఇక చాలును” అనిరి. పిల్ల తలుపు చాటున నిలిచి విన్నది. నాటినుండి బంతి అటకమీదికి పోయినది.

పద్దునకును ఇంటికిని గల భేదము అప్పుడు మాకు స్పష్టమైనది. మా పద్దులో తిలక్‌ను ఉంచినను, కొట్టివేసినను అతనికి తెలియదు. అతని యాట మా తీర్పువలన పెరుగదు, తరుగదు. విత్తనమును పరీక్షించినను విత్తనము మారదు. ఇంటి పిల్ల అట్లు కాదు. మన తీర్పు ఆమె చెవిని బడును. చెవిని బడిన తీర్పే ఆమెకు ఎండయు వానయు నగును. “ఇంతే” యన్నచో అంతటనే ఆగిపోవును; ఆగినదానిని చూపి, “ముందే చెప్పితిమి గదా” యని మనము గర్వింతుము.

మేము మావారితో ఆలోచించి, మరిదిగారితో ఇట్లంటిమి: “ఆరు బంతులకు తీర్పు చెప్పవద్దు. మూడేండ్లు గడువిండు. ఉదయము ఆట, సాయంకాలము చదువు. చదువు మేము చూచుకొందుము. కడప జిల్లా పల్లెనుండి వచ్చిన శ్రీచరణి ఎడమచేతి స్పిన్నుతో 2025 ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసినది. నవంబరు 2న భారతదేశము ఆ కప్పు గెలిచినది. భద్రాచలము బిడ్డ గొంగడి త్రిష కొరకు తండ్రి ఊరు విడిచి హైదరాబాదునకు కాపురము మార్చెను. 2025లో పందొమ్మిదేండ్లలోపు ప్రపంచకప్పులో 309 పరుగులు, 7 వికెట్లతో ఆమెయే టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. మన పిల్ల అంతదగునని మేము చెప్పుట లేదు. కాదని చెప్పుటకు మన మెవరమని మాత్రమే అడుగుచున్నాము.” మరిదిగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట లేచి, తామే అటకపైనుండి బంతిని దింపిరి.

ఆమె యేమగునో మేము చెప్పజాలము, చెప్పబూనుటయు లేదు. సోదరీమణులారా! మీ యింటను సంగీతమో, లెక్కలో, ఆటయో అభ్యసించు చిన్నవారుందురు. వారు గెలిచిననాడు ఎంత పొగడితి మనునది అంత ముఖ్యము కాదు. ఓడిన మరునాటి ఉదయము వారేమి చేయుచున్నారో చూడుడు. తిరిగి ఆ పనికే పోయినచో, ఏమియు ననక, వేళకింత తిండి పెట్టి పంపుడు.