పది పాటలా, నాలుగు పాటలా?



మన యవనస్థులు మళ్లీ ఆల్బమ్ చేద్దామంటున్నారు. పది పాటలట, వెల 150 రూపాయలట. పది ఎందుకురా అంటే "అందరూ అంతే చేస్తారు గదయ్యా" అన్నారు.

ఆ లెక్క వాక్యంలోది కాదు, క్యాసెట్టుది. ఒక పక్క అరగంట, రెండో పక్క అరగంట. ఆరేసి నిమిషాల పాటలు ఐదూ ఐదూ వేస్తే నిండిపోయేది. తర్వాత వచ్చిన సీడీ 74 నిమిషాలు పట్టేది. యూట్యూబుకు పక్కలూ లేవు, నిండడమూ లేదు. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలను ఈరోజుకీ ఒక్కొక్కటిగానే కదా ఎత్తుకుంటాం!

మొదటి ఆల్బమప్పుడు తప్పు నాదే. కుదిరినవి ఆరు పాటలే. వంద రూపాయలకు ఆరేనా అంటారని భయపడి, మరో నాలుగు హడావిడిగా రాసి కలిపాను. మదనపల్లె వైపు టమోటా తోటల్లో కూలికి పోయే ఒక అక్క కొనుక్కుంది. నెల తర్వాత వచ్చి, "అయ్యా, ఆరు పాటలు నోటికొచ్చేసినాయి. మిగతా నాలుగూ ఎంత విన్నా రావడం లేదు, నా బుర్ర మంచిది కాదు" అంది. నాకు నోట మాట రాలేదు.

ఉచితంగా పొందినది ఉచితంగా ఇమ్మని మత్తయి 10లో ఉంది. పనివానికి జీతం ఇవ్వాలని లూకా 10లో ఉంది. తబలా తమ్ముడికీ స్టూడియోకూ ఇవ్వాల్సింది ఇద్దాం. ఆ ఖర్చు సంఘం ముందు పెడదాం, కానుకలు వచ్చినంత మేరకే రికార్డు చేద్దాం. వినేవాళ్ల దగ్గర మాత్రం వెల వద్దు.

ఇప్పటికి నాలుగు సిద్ధం. ఆదివారం ఆరాధన అయ్యాక పాడతాం. ఆ అక్కకు ముందే కబురు చేశాను.