సబ్బుబిళ్ళ పాఠం

బీటెక్ మొదటి సంవత్సరంలో నేను తప్పిన సబ్జెక్టు ఒకే ఒక్కటి. ఇంజినీరింగ్ డ్రాయింగ్. లెక్కలు తప్పినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో. విజయవాడ ఆటోనగర్లో లేత్ షాపున్న మనిషి కొడుకు డ్రాయింగ్ తప్పడమంటే పూజారిగారబ్బాయికి సంధ్యావందనం రాకపోవడం లాంటిది. మినీ డ్రాఫ్టరు చంకలో పెట్టుకుని బస్సులో ఫోజులు కొట్టడమే తప్ప, ముందు నుంచీ, పైనుంచీ, పక్క నుంచీ చూసిన మూడు బొమ్మలు కలిపితే ఏ వస్తువవుతుందో నా బుర్రకి తట్టేదే కాదు.

నాన్న తిట్టలేదు. బాత్రూంలోంచి కొత్త లైఫ్‌బాయ్ సబ్బు తెచ్చి, కూరగాయల కత్తితో ఒక మూల చెక్కేశారు. మధ్యలో గాడి తీశారు. పెన్నుతో పొడిచి బెజ్జం వేశారు. "గీతల్ని కాదురా చూడాల్సింది. ముందు దిమ్మ ఉంది. అందులోంచి ఏమేం తీసేశామో అది చూడు" అన్నారు. సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఇంటిల్లిపాదీ వారం రోజులు ఆ చెక్కిన సబ్బుతోనే స్నానాలు చేశాం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్నీమధ్య ఇక్కడ ఒహాయోలో ఒక యంత్రభాగాల కంపెనీలో పని తగిలింది. వాళ్ళ క్యాడ్ ఫైళ్ళలోంచి విడిభాగాల జాబితా తీసే ప్రోగ్రాం రాయాలి. కన్సల్టెంటంటే తెలుసుగా... రాని పనికి కూడా వచ్చినట్టు మొహం పెట్టి, రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకునేవాడు. అలా ఇన్నేళ్ళకి మళ్ళీ డ్రాయింగ్ నా నెత్తిన పడింది.

కంప్యూటరు మీద బొమ్మ గీయడం ఇవాళ్టిది కాదు. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌పాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. తెర మీద లైట్ పెన్నుతో గీతలు గీసి, ఈ రెండూ సమాంతరంగా ఉండాలని చెబితే అదే సరిచేసి పెట్టేది. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ డ్రాయింగ్ బల్లని పర్సనల్ కంప్యూటర్లోకి దించింది. కానీ అప్పట్లో అందులో ఉన్నవీ గీతలే. వాటికి అర్థం చెప్పుకోవాల్సింది చదివే మనిషే. పైగా మన దేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతి, పైనుంచి చూసిన బొమ్మ కింద వేస్తాం. అమెరికాలో థర్డ్ యాంగిల్, పై బొమ్మ పైనే వేస్తారు. ఏ పద్ధతో చూసుకోకపోతే కుడివైపు గాడి ఎడమవైపుకి పోతుంది.

మూడు కొలతల్లో గీసినా గీతలు గీతలే. తీగలతో కట్టిన పంజరం చూపించి ఇందులో లోహం ఎక్కడుంది, ఖాళీ ఎక్కడుంది అంటే ఏం చెబుతాం? ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పగలిగేదాన్ని సాలిడ్ మోడల్ అంటారు. 1970లలో దీనికి రెండు దారులు గట్టిపడ్డాయి. రోచెస్టర్ యూనివర్సిటీలో వోల్కర్ బృందం దిమ్మలూ స్థూపాలూ తీసుకుని, ఒకదానికొకటి కలపడం, ఒకదాన్నించి ఒకటి తీసేయడం, రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఉంచడం అనే మూడు పనులతో ఆకారాలు కట్టుకుంటూ పోయారు. చదవగానే నవ్వొచ్చింది. అచ్చం మా నాన్న సబ్బు పద్ధతి!

కేంబ్రిడ్జిలో ఇయాన్ బ్రెయిడ్ పట్టుకున్న దారి వేరు. వస్తువు పై చర్మాన్ని దాచుకోవడం: ఎన్ని ముఖాలు, ఎన్ని అంచులు, ఎన్ని మూలలు, ఏది దేనికి ఆనుకుని ఉంది. లెక్క తప్పకుండా చూసుకోవడానికి ఆయిలర్ సూత్రం ఉంది. దిమ్మకి మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. 8 - 12 + 6 = 2. బెజ్జాలు పడితే సూత్రానికి సవరణలున్నాయనుకోండి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు లోపల ఈ చర్మాన్నే దాచుకుని, మన చేతికి మాత్రం కలపడం, తీసేయడం ఇస్తాయి. 1988లో వచ్చిన ప్రో-ఇంజినీర్‌తో ఇంకో సుఖం వచ్చింది. మనం ఏ వరసలో ఏం చేశామో, ఏ కొలత పెట్టామో అన్నీ గుర్తుంటాయి. ఒక కొలత మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ మారిపోతాయి.

అభ్యాసం కోసం ఆ కంపెనీ పాత డ్రాయింగ్ ఒకటి తీసుకున్నాను. 100, 60, 20 మిల్లీమీటర్ల ఉక్కు దిమ్మ. పైన 60, 30 కొలతలతో, 10 లోతున ఒక గుంట. తయారయ్యాక గర్వంగా నాన్నకి వీడియో కాల్ చేశాను.

నాన్నకి ఇప్పుడు షుగరు వల్ల చూపు తగ్గింది. కాగితం మీద సన్నగీతలు కనపడవు. షాపు నువ్వు చూసుకుంటావా అని ఆయనెప్పుడూ అడగలేదు, చూసుకుంటానని నేనెప్పుడూ అనలేదు. పోయినేడు మిల్లింగ్ మిషను అమ్మేసిన రోజు మేం ఫోన్లో మాట్లాడుకున్నది బెజవాడ ఎండల గురించి.

తెర మీద దిమ్మని పెద్దది చేసి మెల్లగా తిప్పుతుంటే కళ్ళు చికిలించి చూశారు. కొలతలడిగారు. "ఎనిమిది వందల గ్రాములుంటుందా?" అన్నారు. సాఫ్ట్‌వేర్ని అడిగితే 800.7 అంది. నాకు నోట మాట రాలేదు.

"అది సరే, ఆ గుంట మూలలు ఎలా కోస్తావురా?"

"ఎలా ఏంటి నాన్నా?"

"కట్టరు గుండ్రంగా తిరుగుతుంది కదా. పది ఎం.ఎం. కట్టర్ పెడితే మూలలో ఐదు రేడియస్ మిగిలిపోతుంది. అంత పదునుగా రావాలంటే స్పార్క్ మిషనెక్కించాలి. ఈ మాత్రం పీసుకి అంత ఖర్చెందుకు? అసలు ఆ గుంటలో ఏం కూర్చుంటుంది?"

నాకు తెలీదు. నా మోడల్‌కీ తెలీదు. ఏ బిందువు దగ్గర లోహం ఉందో, ఎక్కడ లేదో అన్నీ చెప్పగలదు గానీ, ఆ గుంట ఎందుకుందో నేను చెప్పందే దానికెలా తెలుస్తుంది? ఏ ఇంజినీర్నీ అడగకుండా ముందు పాత డ్రాయింగే మళ్ళీ తీశాను. ఒక మూలన చిన్న అక్షరాల్లో ఆర్ 5 అని ఉంది, నాలుగు మూలలకీ అని. నేనే చూసుకోలేదు. అంటే, డ్రాయింగ్ రెండోసారి తప్పానన్నమాట!

ఒక్క కొలత పెట్టగానే నాలుగు మూలలూ గుండ్రమయ్యాయి. బరువు 802.4కి పెరిగింది. నాకూ నాన్నకీ తేడా 1.7 గ్రాములు.

రెండ్రోజుల తర్వాత అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్నకేమొచ్చిందిరా? చూపు ఆనదు గానీ కొత్త సబ్బు తీసుకుని స్పూనుతో గుంట తీశారు. వేలు పెట్టి మూలలు చూసుకుంటున్నారు" అంది.

ఈసారి ఫోను నాన్నకిమ్మన్నాను. ఎండల గురించి కాదు, కట్టర్ల గురించి అడిగాను. గంటన్నర చెప్పారు.