చెప్పుల చక్రాల ట్రాక్టర్

బస్సులో పర్సు దొరికితే కండక్టరు చేతిలో పెడతాం. గుళ్లో గొలుసు దొరికితే మైకులో చెప్పిస్తాం. బొమ్మ దొరికితే ఎవరికివ్వాలో ఏ బోర్డు మీదా రాసి ఉండదు. అది కొట్లో కొన్నది కాకపోతే మరీ కష్టం.

నాకు దొరికింది భద్రాచలం నుంచి చర్ల వెళ్లే రోడ్డులో, ఎటపాక దాటాక, తారు అంచు దిగిన మట్టిలో. ట్రాక్టరూ, దాని వెనక తొట్టీ. తొట్టి నూనె డబ్బా కోసి చేసింది. ఇరుసులు గొడుగు ఊచలు. చక్రాలు హవాయి చెప్పుల్లోంచి కోసినవి. వెనకవి పెద్దవి, ముందువి చిన్నవి. అసలు ట్రాక్టరును తీరిగ్గా చూసిన కన్నే ఆ తేడా పట్టుకుంటుంది. చక్రాలన్నీ నీలం, ముందరి కుడిది మాత్రం ఎరుపు. నీలం చెప్పు అక్కడితో అయిపోయి ఉంటుంది. తొట్టిలో సరుకు కూడా ఉంది: గుప్పెడు ఎండు మిరప తొడిమలు.

కాబట్టి వృత్తి తెలిసిపోయింది. జనవరి వచ్చిందంటే ఈ గోదావరి వార పొలాల్లో మిరప ఎర్రబడుతుంది. కోసిన తేజ రకం ఖమ్మం మార్కెట్టుకు, అక్కణ్నుంచి దేశాలకు పోతుంది. కోసే చేతుల్లో చాలా భాగం ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తాయి, బీజాపూర్, సుక్మా వైపు నుంచి. బియ్యం మూటలూ, వంటగిన్నెలూ, చంటిపిల్లలతో సహా ట్రాక్టర్లెక్కి వస్తారు. చేను పక్కనే గుడిసెలు వేసుకుని కోత అయ్యేదాకా ఉంటారు. గుంతలో ట్రాక్టరు ఎగిరినప్పుడు ఒక పిల్లవాడి ట్రాక్టరు జారి ఉంటుంది.

టీ కొట్టు ఆవిడ నా చేతిలో దాన్ని చూసి, "ఏం చేసుకుంటారు సార్ దాంతో? సంతలో వంద పెడితే రంగులేసిన లారీ వస్తది" అంది. నిజమే. కానీ సంతలో దొరికేది ఇంకో లారీ. అందులో వాడు కోసిన చక్రం ఉండదు. పెద్దవాళ్లకు ఈ సంగతి ఎంత చెప్పినా ఎక్కదు, డబ్బుతో పూడ్చలేని నష్టమంటూ ఉంటే అది బంగారానికో మనుషులకో సంబంధించినదై ఉండాలని మన లెక్క.

పోనీ స్టేషన్లో ఇద్దామంటే, ఏ స్టేషన్? 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలు ఏడింటిని ఆంధ్రలో కలిపినప్పుడు భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకున్న ఎటపాక అటు పోయింది. చర్ల బస్సు తెలంగాణలో బయల్దేరి, కాసేపు ఆంధ్రలో నడిచి, దుమ్ముగూడెం దగ్గర మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. దొరికింది ఆంధ్రలో, నాది ఖమ్మం, సొంతదారుది ఛత్తీస్‌గఢ్. ఏ ఎస్సై ముందు పెట్టినా నవ్వకుండా ఎఫ్ఐఆర్ రాయడం కష్టం.

చట్టం మాత్రం నవ్వదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును తీసుకున్నవాడు దాన్ని అప్పగింత సొమ్ములా కాపాడాలి. వెతికిన శ్రమకు దావా వేసే హక్కు లేదు కానీ, ఆ ఖర్చు ముట్టేదాకా వస్తువును అట్టే పెట్టుకోవచ్చునని 168వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. పిల్లవాడి దగ్గర ఏం వసూలు చెయ్యాలో తోచక దాన్ని వదులుకున్నాను. అంతకన్నా పాతది యాజ్ఞవల్క్య స్మృతి. దాని వ్యాఖ్య మితాక్షరను మన కేతన 13వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు. పోయిన సొమ్ము నాదేనంటూ వచ్చి ఆనవాళ్లు చెప్పలేకపోతే, ఆ సొమ్మంత జరిమానా అని స్మృతి మాట.

ఆనవాళ్ల విచారణకు ఈ దారికన్నా తగిన చోటు లేదు. జటాయువు పడింది ఎటపాకలోనేనని ఇక్కడివాళ్ల నమ్మకం, పర్ణశాల ఇంకాస్త ముందుకెళితే. సీత జారవిడిచిన నగల మూటను వానరులు దాచి ఉంచారు, లక్ష్మణుడు అందెలు మాత్రమే గుర్తుపట్టాడు. మిగతావి తానెరగనని ఒప్పుకున్న సాక్షి, ఎంత నమ్మదగినవాడు!

నేనూ బొమ్మను సంచిలో పెట్టి, మిరప చేల వెంట అడుగుతూ పోయాను. కొన్నిచోట్ల మేస్త్రీలు నన్ను కార్మికశాఖ మనిషననుకుని పిల్లలెవరూ లేరన్నారు, పిల్లలు గట్టు మీద ఆడుతుండగానే. దుమ్ముగూడెం దాటాక ఒక చేను దగ్గర, బడి విడిచి వస్తున్న కోయ అమ్మాయి తోడు దొరికింది. ఆమె కోయలో అడిగింది, గుడిసెల పిల్లలు వాళ్ల మాటలో చెప్పారు, ఇద్దరికీ బాగానే కుదిరింది.

ట్రాక్టరు ఎవరిదైనా పోయిందా అనగానే చేతులన్నీ లేచాయి. రంగేదంటే ఒకడు పచ్చ అన్నాడు, ఒకడు అందరికన్నా గట్టిగా ఎరుపన్నాడు. వెనక నిలబడ్డ ఒక బక్కవాడు ఏమీ అనకుండా గుడిసెలోకి దూరి, ఎర్రచెప్పు ఒకటి తెచ్చాడు. మడమ దగ్గర గుండ్రటి బొక్క.

ముందరి చక్రం తీసి అందులో పెట్టి చూశాను. సరిగ్గా పట్టింది. నొక్కితే కదల్లేదు.

"అది వాళ్లమ్మ చెప్పు సార్" అంది అమ్మాయి నవ్వాపుకుంటూ. "కుక్క ఎత్తుకపోయిందని చెప్పిండంట."

మిరప సాలులోంచి అమ్మ నడుమెత్తి ఇటే చూస్తోంది. వాడికి ఆ ధ్యాస లేదు. చక్రం ఇరుసుకెక్కించి, తొట్టిలో తొడిమలు తడిమి చూసుకుని, బొమ్మను అటూ ఇటూ తిప్పి, నా వైపు ఒకసారీ నా సంచి వైపు ఒకసారీ చూసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"దీనికి లాగే తాడుండాలంట సార్. అదేదీ అంటుండు."

లేదు, నాకు దొరికినప్పుడే లేదని చెప్పించాను. వాడు నమ్మలేదు. సంచి బోర్లించి చూపించమన్నాడు.