ఆపవిండి

పోయిన సెమిస్టర్ మన పత్రికకి నేనొక వ్యాసం పంపాను. మా అమ్మమ్మ ఆవకాయ పెట్టే రోజు గురించి. రెండు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి ఎడిటర్ అక్క నుంచి మెసేజ్. "ఇది ఎక్కడి నుంచి తీసుకున్నావ్? చెకర్‌లో 91 శాతం మ్యాచ్ చూపిస్తోంది. రేపు ఒకసారి క్లబ్ రూమ్‌కి రా."

మొదట నవ్వొచ్చింది. మా అమ్మమ్మ గురించి నేను కాక ఇంకెవరు రాస్తారు? అక్క పంపిన లింకు నొక్కాక ఆ నవ్వు ఆగిపోయింది. ఏదో వంటల సైట్. పైన నగల ప్రకటన, పక్కన లోన్ యాప్ ప్రకటన, మధ్యలో మా అమ్మమ్మ. ఆవిడ కొంగు బిగించి కూర్చోవడం, ఎండలో ఆరేసిన ముక్కల మీద ఈగ వాలకుండా నన్ను కాపలా పెట్టడం, అన్నీ నా మాటల్లోనే ఉన్నాయి. రాసినవారి పేరు దగ్గర మాత్రం "అడ్మిన్" అని ఉంది.

అసలు జరిగింది ఇది. ఫస్టియర్ నుంచీ నాకు చిన్న సొంత సైట్ ఉంది. సెలవులకి ఊరెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ చెప్పినవి నోట్‌బుక్‌లో రాసుకుని, తీరిక దొరికినప్పుడు అందులో పెడుతుంటాను. ఈ ఆవకాయ వ్యాసం కూడా ఎండాకాలంలో అక్కడ పెట్టిందే. దాన్నే కాస్త దిద్ది మన పత్రికకి పంపాను.

మర్నాడు క్లబ్ రూమ్‌లో నలుగురు సీనియర్లు కూర్చున్నారు. "నాదే అక్కా" అన్నాను. "నీ సైట్‌లో ఉన్న తేదీ కంటే వాళ్ళ తేదీ నెల ముందుంది కదా" అంది అక్క. నిజమే, అలాగే ఉంది. వెబ్ పేజీ మీద తేదీ అంటే ఎవరికి కావలసింది వాళ్ళు టైప్ చేసుకునే గడి అని మనకి తెలుసు. కానీ నిందపడ్డప్పుడు ఆ మాట చెబితే సాకులా వినిపిస్తుంది. చెకర్‌కి రెండు పేజీలు ఒకేలా ఉన్నాయని మాత్రమే తెలుసు. ఎవరు ఎవరి నుంచి ఎత్తారో దానికి తెలియదు. నా మాటలకి నేనే దొంగనయ్యాను.

అప్పుడు నన్ను కాపాడింది ఒక అచ్చుతప్పు.

రెండో పేరాలో ఆవపిండి అని రాయాల్సిన చోట "ఆపవిండి" అని కొట్టాను. పెట్టిన నాలుగు రోజులకి అమ్మ ఫోన్ చేసి "అదేం పిండే?" అని నవ్వితే దిద్దాను. ఆ అడ్మిన్ గారి పేజీలో ఆ ఆపవిండి చెక్కుచెదరకుండా ఉంది! పైగా "పోయిన వారం తాటిముంజల గురించి చెప్పాను కదా" అన్న నా వాక్యం కూడా అలాగే ఉంది. ఆ సైట్‌లో ఎంత వెతికినా తాటిముంజలు లేవు. మా రూమ్మేట్ జాడీ ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి దాని అడ్రస్ చూపించింది. ఫొటో నా సైట్ నుంచే లోడ్ అవుతోంది. అంటే వాడు బొమ్మని దాచుకోను కూడా లేదు. వాడి పేజీ ఎవరు తెరిచినా ఖర్చు నా హోస్టింగ్ ఖాతాలోనే పడుతోంది.

చివరి సాక్ష్యం వేబ్యాక్ మెషీన్. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు నడిపే ఈ సేవలో ఏ పేజీనైనా ఆ రోజు ఉన్నది ఉన్నట్టు భద్రం చేయించవచ్చు. "సేవ్ పేజ్ నౌ" అని ఒక గడి ఉంటుంది, అందులో మన లింకు వేస్తే చాలు. వ్యాసం పెట్టిన సాయంత్రమే నేను ఆ పని చేశాను. అక్కడ పడే తేదీని నేనూ మార్చలేను, అడ్మినూ మార్చలేడు. ఆ కాపీలో నా తేదీ ఉంది, ఆపవిండి ఉంది.

అక్క సారీ చెప్పింది. తప్పు ఆవిడది కాదు, తనిఖీ చేయడం ఆవిడ పని. కానీ అప్పటికి సంచిక ఫైనల్ అయిపోయింది. నా వ్యాసం అందులో రాలేదు.

ఆ కోపంలో ఇంటికి తాళాలు వేయడం మొదలుపెట్టాను. మొదట రైట్ క్లిక్ పనిచేయకుండా చేశాను. మా రూమ్మేట్ కంట్రోల్ యూ నొక్కి, సోర్స్ తెరిచి, వ్యాసం మొత్తం కాపీ చేసి నాకే వాట్సాప్‌లో పంపింది. అయిదు సెకన్లు పట్టింది. బాట్‌కి అసలు మౌసే ఉండదు, దానికి రైట్ క్లిక్‌తో ఏం పని? తర్వాత అక్షరాలన్నీ బొమ్మగా మార్చి పెడదామనుకున్నాను. మన కాలేజీలో స్క్రీన్ రీడర్‌తో చదివే జూనియర్ ఒకడున్నాడు, నా ప్రతి వ్యాసం చదివి ఏదో ఒకటి అంటాడు. బొమ్మలోని తెలుగు వాడికి వినిపించదు. దొంగని ఆపబోయి చదివేవాణ్ణి గెంటేసినట్టవుతుందని మానుకున్నాను.

అసలు కన్నం వేరే చోట ఉంది. నా ఆర్ఎస్ఎస్ ఫీడ్‌లో వ్యాసం మొత్తం వెళ్తోంది. కొత్త వ్యాసం వచ్చిందని పాఠకులకి తెలియడానికి ఉన్న దారి అది. ఒక చిన్న ప్రోగ్రాం ఆ ఫీడ్ దగ్గర కాచుకుని కూర్చుంటే, నేను పబ్లిష్ నొక్కిన కొద్ది నిమిషాలకే వాడి సైట్‌లో అచ్చయిపోతుంది, మనిషి చేయి పడక్కర్లేదు. ఆపవిండి అలా చేరింది. సెట్టింగ్స్‌లో పూర్తి వ్యాసం బదులు మొదటి నాలుగు వాక్యాలే వెళ్ళేలా మార్చాను. ఫొటోలు వేరే సైట్ల నుంచి అడిగితే ఇవ్వొద్దని సర్వర్‌కి చెప్పాను. అంతకంటే ముందు, ఊరికే ఉండలేక, ఆ జాడీ ఫొటో స్థానంలో "ఈ ఆవకాయ దొంగిలించబడినది" అని పెద్ద అక్షరాల బొమ్మ పెట్టాను. రెండు రోజులు వాడి పేజీలో నగల ప్రకటన కింద అదే కనిపించింది. ఇందులో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, కానీ చాలా హాయిగా అనిపించింది.

బాట్‌ల సంగతికొస్తే, మనందరికీ తెలిసిన మందు రోబోట్స్ డాట్ టెక్స్ట్. 1994లో మార్టైన్ కోస్టర్ అనే ఆయన ప్రతిపాదించిన పద్ధతి. సైట్ మొదట్లో ఒక చిన్న ఫైల్ పెట్టి, ఏ బాట్ ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో రాస్తాం. 2022లో ఇది ఆర్ఎఫ్‌సీ 9309గా లాంఛనంగా వచ్చింది. ఈ నియమాలు ప్రవేశాన్ని అడ్డుకునే ఏర్పాటు కావని అందులోనే రాసి ఉంది. అంటే ఇది గుడి ముందు "చెప్పులు ఇక్కడ విడువుము" అన్న బోర్డులాంటిది. అది చదివి విడిచేవాడు ఎలాగూ మంచివాడే.

అయినా ఆ బోర్డు పెట్టాలి. భాషా మోడళ్ళ కోసం పేజీలు సేకరించే జీపీటీబాట్, సీసీబాట్ లాంటివి ఈ ఫైల్‌ని పాటిస్తామని వాళ్ళ సంస్థలే చెబుతున్నాయి. గూగుల్-ఎక్స్‌టెండెడ్ అన్న పేరుతో వద్దని రాస్తే, గూగుల్ సెర్చ్‌లో మన పేజీ అలాగే ఉంటుంది, వాళ్ళ మోడళ్ళ శిక్షణకి మాత్రం వద్దన్నట్టవుతుంది. కోపంలో గూగుల్‌బాట్‌నే ఆపేస్తే మన రాత ఎవరికీ దొరకదు, ఇక మిగిలేది ఆ అడ్మిన్ పేజీ. ఇంకో పొరపాటు, డ్రాఫ్టుల ఫోల్డర్ పేరు ఈ ఫైల్‌లో రాయడం. ఈ ఫైల్ ఎవరైనా చదవచ్చు కాబట్టి దొంగకి మనమే అడ్రస్ ఇచ్చినట్టు. దాచాల్సినదానికి పాస్‌వర్డ్ పెట్టండి. ఇక ఏ మాటా వినని బాట్‌లకి సర్వర్ దగ్గరే అడ్డం వేయాలి, నిమిషానికి ఇన్నిసార్లు మించి అడిగితే తలుపు మూసేలా. అవి పేరు మార్చుకుని మళ్ళీ వస్తాయి. పూర్తిగా ఆపే తాళం ఏదీ లేదు. ఎవరైనా చదవడానికి పెట్టినదాన్ని ఎవరైనా ఎత్తుకుపోగలరు.

తాళం లేకపోయినా చట్టం ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే రాత మీద హక్కు మనది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. అయితే ఈ హక్కు వాక్యాలకే గానీ విషయానికి కాదు. ఆవపిండి ఎంత, కారం ఎంత అన్న కొలత ఎవరైనా వాడుకోవచ్చు. అమ్మమ్మ కొంగు బిగించిందని నేను రాసిన వాక్యం మాత్రం నాది.

నేను ఆ అడ్మిన్‌కి రాయలేదు, అక్కడ రాయడానికి అడ్రసే లేదు. సైట్ ఏ హోస్టింగ్ మీద నడుస్తోందో వెతికితే అమెరికా కంపెనీ అని తేలింది. అక్కడ 1998 నాటి డీఎంసీఏ చట్టం ఉంది. నా పేజీ లింకు, వాడి పేజీ లింకు, ఇది నా సొంత రచన అన్న ప్రకటన, సంతకం, ఇవన్నీ పెట్టి మెయిల్ చేశాను. సెర్చ్‌లో కనిపించకుండా చేయమని గూగుల్ ఫారం కూడా నింపాను. లాయర్ లేడు, డబ్బు కట్టలేదు. వారం తిరక్కుండానే ఆ పేజీ పోయింది. రేపు ఇంకో పేరుతో ఇంకోటి రావచ్చు. అందుకే ఇప్పుడు తాళాల కంటే సాక్ష్యాల మీదే శ్రద్ధ పెడుతున్నాను. నోట్‌బుక్ పేజీల ఫొటోలు, వేబ్యాక్ కాపీ, వ్యాసం మధ్యలో నా పాత వ్యాసాల ప్రస్తావన.

మన శతక కవులు ఈ కిటుకు ఎప్పుడో కనిపెట్టారనిపిస్తుంది. పద్యం చివర మకుటం పెడితే, దాన్ని కత్తిరించిన మరుక్షణం ఛందస్సు కుంటుతుంది. పద్యం ఎక్కడికి పోయినా మకుటం వెంటే పోవాలి. నాకు ఛందస్సు రాదు కాబట్టి తాటిముంజలతో సరిపెట్టుకుంటున్నాను.

ఇదంతా సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మకి ఆవేశంగా చెప్పాను. "ఆవకాయ దొంగిలించాడా? జాడీ ఎత్తుకుపోయాడా ఏంటే?" అంది. ఫోన్‌లో చూపించి వివరించాను. కాసేపు ఆలోచించింది.

"పోనీలేవే. ఆ కొలత నాకు మా అత్తగారు చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో. సరేగానీ, నువ్వు రాసినదాంట్లో నా పేరుందా?"

లేదు. "మా అమ్మమ్మ" అని ఉంది. అడుగున నా పేరుంది, కాపీరైట్ గుర్తు పక్కన.

"రాస్తానని నాతో అన్నావా?"

అనలేదు. ఫొటో కూడా ఆవిడ మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు తీసిందే. ఆవిడ కోపంగా అడగలేదు, ఊరికే అడిగింది. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు మేలుకుని ఉన్నాను. థర్డ్ సెమ్‌లో రాత్రికి రాత్రి దించేసిన ల్యాబ్ రికార్డులు గుర్తొచ్చాయి. అందులో రీడింగులు ఎవరివో కూడా చూడలేదు. పరీక్షల ముందు రోజు టెలిగ్రామ్‌లో దించుకున్న టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్‌లు గుర్తొచ్చాయి. ఆ అడ్మిన్‌కీ నాకూ తేడా లేదని అనను, ఉంది. కానీ క్లబ్ రూమ్‌లో నేను అనుకున్నంత తేడా లేదు.

తెల్లారాక అమ్మమ్మ దగ్గర కూర్చుని, సైట్‌లో ఉన్న వ్యాసాలన్నీ ఒక్కొక్కటిగా చదివి వినిపించాను. రెండు తీసేయమంది. ఒకటి మా పెద్దమ్మకి కోపం వస్తుందని, ఒకటి అబద్ధమని. మిగతావాటి పైన ఇప్పుడు ఆవిడ పేరు ముందు, నా పేరు తర్వాత ఉంటాయి.

మరి ఇక్కడ ఆవిడ పేరు ఎందుకు రాయలేదని మీరు అడగొచ్చు. ఈసారి ముందే అడిగాను. "దొంగతనం కథలో నా పేరెందుకే? ఆవకాయ కథలో వెయ్యి" అంది.

ఆవకాయ వ్యాసం వచ్చే సంచికకి మళ్ళీ పంపుతున్నాను అక్కా. చెకర్‌లో మ్యాచ్ వస్తే అది నా సైటే. ఆపవిండి మాత్రం దిద్దకుండా ఉంచు.