జీను సంచిలో బంగారం

మా నాన్నకు ఇంగ్లీషు రాదు. ‘మెకన్నాస్ గోల్డ్’ మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చు. 1969 నాటి ఆ సినిమా అమెరికాలో అంతంతమాత్రంగా ఆడింది. మన దేశంలో ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశారు, జనం మళ్లీ మళ్లీ వెళ్లారు. గ్రెగరీ పెక్ ఏం మాట్లాడాడో నాన్నకు అక్కర్లేదు. పొద్దు పొడుస్తుంటే రాతి శిఖరం నీడ బారలు చాచుకుంటూ పోయి బంగారు లోయకు దారి చూపెడుతుందే, అది చాలు. చిన్నప్పుడు అన్నాల వేళ మాకు ఆ కథ చెప్పేవారు. చివర్లో లోయ కూలిపోతుంది. ప్రాణాలు దక్కించుకున్న మెకన్నా వేరేవాడి గుర్రమెక్కి వెళ్లిపోతుంటాడు; దాని జీను సంచుల నిండా బంగారం ఉందని అతనికి తెలీదు. ‘ఎప్పుడు తెలుస్తుంది నాన్నా?’ అంటే, ‘గుర్రానికి నీళ్లు పెట్టడానికి దిగినప్పుడు’ అని సొంతంగా కలిపేవారు. సినిమాలో ఆ సీను లేదు. ఉండాల్సిందే అనిపిస్తుంది ఇప్పటికీ.

వెస్టర్న్ ఒక తరం నుంచి ఇంకో తరానికి తేలిగ్గా వచ్చేస్తుందంటే కారణం ఇదే. చూసి అర్థం చేసుకునే సినిమా అది. టోపీ ఎంత కిందికి దించాడు, చెయ్యి తుపాకీకి ఎంత దూరంలో ఉంది, గుమ్మంలో నిలబడ్డవాడి బూట్లకు దుమ్ముందా లేదా - ఇవి తెలిస్తే సగం కథ తెలిసినట్టే. సెర్జియో లియోనే సంగతి మరీనూ. 1968లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ మొదట్లో ముగ్గురు మనుషులు స్టేషన్లో రైలు కోసం కాచుక్కూర్చుంటారు. అంతే. ఒకడి టోపీ మీద నీటి చుక్కలు పడుతుంటాయి, ఒకడు వేళ్లు విరుచుకుంటుంటాడు, మూడోవాడి మొహం మీద ఈగ. ఓపిక తక్కువైన మా అమ్మాయికి అది పెట్టడానికి భయపడ్డాను. ‘మొదలయిందా, ఇంకా లేదా?’ అని అడిగింది కూడా. వాడు ఆ ఈగను తుపాకీ గొట్టంలో బంధించేసరికి ఫోను పక్కన పెట్టేసింది.

నాన్నకు ఇవన్నీ తర్వాతే. అసలు వెస్టర్న్ అంటే 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’. మాది తెనాలి పక్క. బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టి రాజస్థాన్ ఎడారిలో గుర్రాన్ని దౌడు తీయిస్తుంటే ఇక గ్రెగరీ పెక్ ఎవరు? ఆరుద్ర రచనలో లియోనే పోకడలు, మెకన్నా నిధి వేట కనపడుతూనే ఉంటాయి. నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం మాత్రం అచ్చంగా మనవాడే. కృష్ణ పోయాక వచ్చిన తొలి పుట్టినరోజుకు, 2023 మే 31న, దాన్ని 4కెలో మళ్లీ విడుదల చేస్తే తాత మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లారు. హాల్లో తెల్లజుట్టువాళ్లే ఎక్కువ ఈలలు వేశారట. మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ ఇంట్లో చూశారు. నాన్న తీర్పు: ‘గుర్రం బాగుంది.’

చిక్కంతా జాన్ ఫోర్డ్ దగ్గర వచ్చింది. ‘ది సెర్చర్స్’ (1956) అంటే నాకు ప్రాణం. కొమాంచీలు ఎత్తుకుపోయిన తోబుట్టువు కూతురి కోసం జాన్ వేన్ ఏళ్లకేళ్లు వెతుకుతాడు. దొరికితే చంపేద్దామన్నంత ద్వేషం పెంచుకుంటాడు. ‘వాళ్ల నేల మీదకి వీళ్లొచ్చి, వాళ్లనే చంపుతారేంటి?’ అంది మా అమ్మాయి. నాన్నకు ఆ ఆలోచనే రాలేదు. నాకు వచ్చింది కానీ సర్దుకున్నాను. రిమోట్ నొక్కి పాఠం మొదలెట్టబోయి ఆగాను. సినిమా ఆపి చెప్పే చరిత్ర ఎవరి చెవికీ ఎక్కదు. రాత్రి అన్నాల దగ్గర చెప్పాను: ఆ ఎర్రరాళ్ల మాన్యుమెంట్ వ్యాలీ నవాహోల నేలని, తెర మీద నవాహోలనే కొమాంచీలుగా చూపారని, నాయకుడు స్కార్ వేషం మాత్రం జర్మనీలో పుట్టిన తెల్ల నటుడు హెన్రీ బ్రాండన్‌కు ఇచ్చారని. వేన్ పాత్రలోని ద్వేషాన్ని ఫోర్డ్ దాచలేదు, అలాగని అతణ్ణి హీరోగా చూపడమూ మానలేదు. ఆ సినిమా గొప్పదనం, ఇబ్బంది రెండూ అక్కడే ఉన్నాయి. ‘మరి నీకెందుకిష్టం?’ అంది. వేన్ నడక అన్నాను. అది నిజమే. చాల్లేదని దాని మొహంలోనే తెలిసింది.

మొన్న ‘హై నూన్’ (1952) పెట్టాం. పగబట్టినవాడు మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడు, వాడికి ముగ్గురు తోడు. మార్షల్ గ్యారీ కూపర్ ఊరంతా తిరిగి సాయం అడుగుతాడు. తలా ఒక సాకు చెప్పి తప్పుకుంటారు. నాన్నకు మండింది. ‘హీరో అయ్యుండి గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవడమేంటి?’ హాలీవుడ్‌లో హోవర్డ్ హాక్స్‌కూ సరిగ్గా ఇదే మంట. దానికి జవాబుగానే 1959లో జాన్ వేన్‌తో ‘రియో బ్రావో’ తీశాడు. హాక్స్ పేరు నాన్న వినెరగరు.

‘అవతల నలుగురు, ఈయన ఒక్కడు. అడక్కపోతేనే బుద్ధిలేనట్టు తాతయ్యా.’

‘మా కృష్ణ అడిగాడా?’

‘ఆయనకి ఆరుద్ర గారున్నారుగా!’

నాన్న నావైపు చూశారు. నేను ఎటూ మాట్లాడలేదు. తేల్చుకోవడానికి వచ్చే ఆదివారం ‘రియో బ్రావో’ పెట్టుకున్నాం. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా కాబట్టి మధ్యలో ఇంటర్వెల్, మిరపకాయ బజ్జీలు ఉండి తీరాలని ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. బజ్జీల పని నా నెత్తిన పడింది.